బామ్మర్దిగారు ఎక్కాకే బస్సు

జాతీయ ఫుట్‌బాల్ జట్టుకి కొత్త మేనేజర్‌ని నియమించడంతో దేశ క్రీడారంగంలో చీకటి యుగం ముగిసిందని క్రీడల మంత్రిగారు ప్రకటించారు. అంతకుముందు మేనేజర్లని నియమించినప్పుడు కూడా ప్రతిసారీ చీకటి యుగం ముగిసింది. మంత్రిగారికి విసుగన్నది తెలీదు.

కొత్త మేనేజర్ ఒకప్పుడు పేరుమోసిన ఆటగాడు. ఎడమకాలితో బంతి తన్నారంటే గోల్‌కీపర్లు మర్యాదగా పక్కకి తప్పుకునేవారు. అందుకే జనం ఆయన్ని ఎడంకాలు అనేవారు. మోకాలి చిప్ప పగిలి ఆట మానేశాక బడిపిల్లలకి డ్రిల్లు నేర్పుకుంటూ బతికారు. ఆయనకి మిగిలిన కోరిక ఒక్కటే. తను ఎంచిన జట్టుని దింపి, గీత పక్కన నిలబడి, ఒక్క మ్యాచ్ గెలవాలి.

"జట్టు ఎంపికలో మీకు సర్వాధికారాలూ ఇస్తున్నాం," అన్నారు మంత్రిగారు ఛాంబర్‌లో.

ఎడంకాలు గారికి కళ్లు చెమర్చాయి. "పదకొండు మందినీ నేనే ఎంచుకోవచ్చా సార్?"

"నిక్షేపంగా. మా బామ్మర్ది కాక మిగతా పదకొండు మందినీ."

"ఆయనతో కలిపితే పన్నెండు అవుతారేమో సార్..."

"అదంతా మీ టెక్నికల్ విషయం. ఆయన్ని ఎక్కడ ఆడించాలన్నది కూడా మీ ఇష్టమే. గోల్ కొట్టే చోట ఎక్కడైనా సరే."

బామ్మర్దిగారు సాధు స్వభావి. పరిగెత్తి బంతిని ఇబ్బంది పెట్టేవారు కాదు. అవతలివాళ్ల గోల్ ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడేవారు. మనవాళ్లు బంతి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టేవారు, అవతలివాళ్లు వచ్చి తీసుకుపోయేవారు. మ్యాచ్ రోజు ఆయన సెలూన్‌లో గడ్డం గీయించుకుని, తల దువ్వించుకుని వచ్చేదాకా జట్టు బస్సు కదలకూడదు. ఆటగాళ్లు బస్సులోనే బట్టలు మార్చుకుని, దిగుతూనే మైదానంలోకి ఉరికేవారు. వరసగా అన్ని మ్యాచ్‌లూ ఓడారు.

"ఏమండీ, మీరు జట్టుకి మేనేజరా, బస్సుకి కాపలానా?" అంది భార్య. ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

ఆ ఏడాదికి మిగిలిన ఆఖరి మ్యాచ్‌కి మంత్రిగారు ముందుచూపుతో వ్యవహరించారు. ఎలాగూ ఓడతాం గనక, ఆ ఓటమి మీద విచారణ కమిటీని ముందే వేసి, సభ్యులకి కొత్త కార్లు ఇచ్చేశారు.

మ్యాచ్ రోజు అందరూ బస్సెక్కారు. బామ్మర్దిగారు సెలూన్‌లో ఉన్నారు. ఎడంకాలు గారు ఒకసారి ఆటగాళ్ల మొహాలు చూశారు. పాత మోకాలు కలుక్కుమంది.

"పోనివ్వు," అన్నారు డ్రైవర్‌తో.

"సార్, బామ్మర్దిగారు..."

"పోనివ్వవయ్యా!"

ఎప్పుడూ బెంచీ మీదే కూర్చునే ఆటగాణ్ణి బామ్మర్దిగారి స్థానంలో దింపారు. జట్టు గెలిచింది. ఎడంకాలు గారు గీత పక్కన నిలబడి, ఎవరేమనుకుంటారో అని కూడా చూడకుండా ఏడ్చేశారు. ఇంటికొస్తే, "మా ఆయనే!" అని పక్కింటావిడకి వినబడేలా అంది భార్య.

మర్నాడు కమిటీ ఆయన్ని పిలిచింది.

"ఎందుకు ఓడారు?" అడిగారు అధ్యక్షుడు.

"గెలిచాం సార్."

"అది మా పరిధిలోకి రాదు. ఓటమికి కారణం చెప్పండి."

"ఓడలేదు కదా సార్. ఇక కమిటీతో పనేముంది?"

అధ్యక్షుడు కిటికీలోంచి తన కొత్త కారు వంక చూసుకున్నారు. "పోనీ, ఎలా గెలిచారో చెప్పండి."

"బామ్మర్దిగారు ఆడలేదండీ," అని ఎడంకాలు గారు నోరు జారారు.

సభ్యులు తలలు పైకెత్తారు.

వారం తిరక్కుండా మంత్రిగారు మళ్లీ చీకటి యుగాన్ని ముగించారు. తను ఆడకుండా ఉండి దేశాన్ని గెలిపించిన బామ్మర్దిగారే కొత్త మేనేజర్. అంతటి త్యాగం ఈ దేశంలో ఏ ఆటగాడూ చేయలేదని కమిటీ తేల్చింది. అలాగని ఎడంకాలు గారి అనుభవాన్ని ప్రభుత్వం వదులుకోలేదు. ఆయన్ని బస్సు వ్యవహారాల ముఖ్య సమన్వయకర్తగా వేసి, తాళంచెవి చేతికిచ్చింది.

తర్వాతి మ్యాచ్ రోజు జట్టంతా బస్సెక్కి కూర్చుంది. కొత్త మేనేజర్ సెలూన్‌లో ఉన్నారు.

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "పోనివ్వమంటారా సార్?"

ఆటగాళ్లందరూ ఎడంకాలు గారి వంకే చూశారు. ఆయన జేబులో తాళంచెవి తడుముకున్నారు.

"ఆయన్ని రానివ్వవయ్యా," అన్నారు.

ఆ సాయంత్రం మంత్రిగారు విలేకరులకి శుభవార్త చెప్పారు. కొత్త మేనేజర్ హయాంలో ప్రత్యర్థులు మన జట్టు మీద ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారట. చప్పట్లు మోగాయి.

బస్సు అప్పటికీ బయల్దేరిన చోటు నుంచి కదల్లేదు.