మీటల ఫోను, ఆఖరి తడి

ఈ ఏడు మా ఊరికీ పై ఊరికీ మధ్య కాలువ గట్టు మీద ఒక్క తల కూడా పగలలేదు. పల్నాడులో ఇది చిన్న విషయం కాదు. ఈ ఘనత యావత్తూ నా ఫోనుకే దక్కుతుందని మా ఊరి రైతుల సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానాన్ని బలపరచింది నేనే. కాబట్టి అందులో పక్షపాతానికి తావు లేదు.

ఫోను నాకు రాజీవ్ ఇచ్చాడు. రాజీవ్ మా అక్క కొడుకు, హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం. ఒకప్పుడు వాళ్ళ కంపెనీలో పై మెట్టు మీద కూర్చునే వాళ్ళకు మాత్రమే ఇలాంటి ఫోన్లు ఇచ్చేవాళ్ళట. సగం అద్దం, సగం మీటలు. మీటలంటే అంకెల మీటలు కావు. టైపు మిషను మీదుండే అక్షరాలన్నిటినీ కందిగింజలంత చేసి వరసగా పేర్చారు. తరవాత కంపెనీ మొత్తం అద్దాల ఫోన్లకు మారిపోతే ఇది వాడి బీరువాలో పడి ఉంది. నరసరావుపేటలో రిజిస్ట్రేషన్ పని మీద వచ్చినప్పుడు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మామా, ఇది బిజినెస్ ఫోను. చానా సెక్యూరిటీ. ఇందులో రాసింది బయటోడి కంటపడదు. నువ్వు మాత్రం మాట్టాడుకోటానికి వాడుకో, చాలు" అన్నాడు.

ఆ చివరి వాక్యాన్ని నేను పరిగణనలోకి తీసుకోలేదు.

బిజినెస్ ఫోను చేతికొచ్చాక బిజినెస్ లేకపోతే బాగుండదు. నాకున్న బిజినెస్ కాలువ చిట్టచివర రెండెకరాల మిరప. ఫోనుతో పాటు నడుముకు తగిలించుకునే తోలు సంచీ ఒకటి వచ్చింది. దానికి బెల్టు కావాలి. నేను కట్టేది పంచె. పంచె మీదే బెల్టు బిగించి, సంచీ తగిలించి, వీధిలోకి బయలుదేరాను.

"ఏందయ్యా, మాచర్ల బస్సుకు కండక్టరుగా గాని పోతన్నావా?" అంది ధనమ్మ. ధనమ్మ నా భార్య. ఆమెకు సాంకేతిక రంగం మీద మొదటినుంచీ చిన్నచూపు.

నేను చదివింది మా ఊరి బళ్ళో, అయిదు దాకా. ఇంగ్లీషు అక్షరాలు ఒంటరిగా కనపడితే గుర్తుపడతాను, గుంపుగా వస్తే పక్కకు తప్పుకుంటాను. పైగా నా బొటనవేలు ఒక మీట మీద ఆనించితే అటూ ఇటూ ఉన్నవి కూడా దిగుతాయి. ఈ లోపాలేవీ ఫోను వాడకానికి అడ్డం రాలేదు. ఎందుకంటే ఆ ఫోను గొప్పతనం అక్షరాల్లో లేదు, చప్పుడులో ఉంది. అద్దం ఫోను మీద వేలు రుద్దేవాడు సినిమా చూస్తున్నాడో, పెళ్ళిసంబంధం చూస్తున్నాడో పక్కవాడికి తెలియదు. నా ఫోను టకటకమంటే ఎక్కడో ఒక గుమాస్తా సస్పెండ్ అవుతున్నట్టే ఉంటుంది.

దానికి తోడు నెత్తిన ఒక ఎర్ర లైటు. ఉండుండి మిణుక్కుమనేది. మా వీధి కుక్క ఆ లైటును చూసి కలెక్టరు కారనుకుని లేచి నిలబడేది. నేను చెప్తే నమ్మరు, ఆ కుక్క ఇప్పటికీ ఉంది, వచ్చి అడగవచ్చు.

టీకొట్టు బల్ల మీద నాకు మధ్య స్థానం ఏర్పాటైంది. నా గ్లాసులో నీళ్ళు తగ్గి పాలు పెరిగాయి. గోడ హద్దు దగ్గర ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న అన్నదమ్ములిద్దరు పంచాయితీకి వస్తే నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను తీసి కాసేపు టకటకలాడించాను. "రాతపూర్వకంగా పోతందిరా" అని గుసగుసలాడుకుని, అక్కడికక్కడే రాజీపడి, ఒకే బండి మీద ఇంటికి వెళ్ళిపోయారు. మనవాళ్ళు నోటి మాటకు తిరగబడతారు, చదవలేని రాతకు మాత్రం వణుకుతారు. ఈ సూత్రం మీద మన ఆఫీసులు ఎంతకాలంగా నడుస్తున్నాయో తలుచుకుంటే నాకు నా ఫోను మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఇక కాలువ సంగతి.

మాఘమాసంలో మిరపకు ఆఖరి తడి పెట్టాలి. కాలువలో నీళ్ళు ఊరికొక వంతున వదులుతారు. మా వంతు వారం నీళ్ళు రాకపోతే మళ్ళీ రావు, కాలువ కట్టేస్తారు. చెట్టు మీద కాయ పండకుండానే తెల్లబడి తాలుగా మారిపోతుంది. తాలుకాయను మిర్చి యార్డులో వాసన కూడా చూడరు. ఏడాది కష్టమంతా ఆ ఒక్క తడి మీద ఆధారపడి ఉంటుంది.

మా వంతు రాగానే పై ఊరివాళ్ళు వాళ్ళ తూము దగ్గర కాలువకు అడ్డంగా గోతాలు, వరిగడ్డి వేసి నీళ్ళు మళ్ళించుకోవడం ఆనవాయితీ. మా ఊరి మగవాళ్ళందరం పారలు భుజాన వేసుకుని, అన్నం మూటలతో వెళ్ళి ఆ అడ్డు పీకి, గట్టు మీద కాపలా కూర్చోవడం కూడా ఆనవాయితీయే. తలలు పగలడం ఈ రెంటి మధ్య వచ్చే లాంఛనం. తరవాత ఇరుపక్షాలూ గురజాల ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద కట్లు కట్టించుకుని, ఒకరి పిల్లల సంబంధాల గురించి ఇంకొకరు విచారించుకునేవాళ్ళు.

ఈ ఏడు కూడా వంతు రాగానే ఇమాం సాహెబ్ వచ్చాడు. ఆయనది నా పక్క చేను. చిన్నప్పటినుంచీ నన్ను బావా అంటాడు.

"బావా, రేపట్నించి మన వంతు. పారలు తియ్యమందామా?"

"పారలెందుకు ఇమాం? పైకి రాసేస్తన్నా."

"పైకంటే ఎవరికి బావా?"

"పైకి."

"ఆ పైన?"

"ఇంకా పైకి."

ఇమాం సాహెబ్‌కు సందేహం తీరిపోయింది. టీకొట్టు ముందు ఊరంతా చుట్టూ నిలబడగా కాలువ అధికారులకు మెయిలు రాశాను. మొదలు నుంచి చివరి దాకా ఒక్క మీట కూడా వదలకుండా, ఎవరికీ అన్యాయం జరగకుండా నొక్కాను. అయిపోయాక జనమంతా ఒళ్ళు విరుచుకున్నారు. వారం రోజులు గట్టు మీద కాపలా కాసినంత అలసట అందరి మొహాల్లోనూ కనిపించింది. పారలు వసారాల్లోకి వెళ్ళాయి.

మర్నాడు నీళ్ళు రాలేదు. ప్రభుత్వ వ్యవహారాల్లో మొదటి రోజే పని జరిగితే అనుమానించాలి. అందుకని రిమైండరు వేశాను. ఎర్ర లైటు మిణుక్కుమంది.

"అందింది బావా" అన్నాడు ఇమాం సాహెబ్ తృప్తిగా.

ఆ మర్నాడూ రాలేదు. ఈసారి మీటలు గట్టిగా నొక్కి ఘాటైన రిమైండరు వేశాను. లైటు రెండుసార్లు మిణుక్కుమంది. ఘాటు తగిలిందని సభ అభిప్రాయపడింది. అప్పటికి చేలో మిరపాకు దణ్ణం పెడుతున్నట్టు ముడుచుకుంది. కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. మేము మాత్రం ధైర్యం కోల్పోలేదు. టీకొట్టు వదలకుండా పరిస్థితిని నిశితంగా గమనిస్తూ వచ్చాము.

మర్నాడు పొద్దున ధనమ్మ చేనుకు వెళ్ళి వచ్చింది. చేతిలో ఒక వాడిన కొమ్మ ఉంది. దాన్ని నా ఫోను పక్కన బల్ల మీద పెట్టింది.

"నీ ఫోనులో నీళ్ళు వస్తన్నయ్యా?"

"ప్రాసెస్‌లో ఉంది ధనం."

"ఆ మాట పోయి చేనుకు చెప్పు."

ఇంటికి పోయి వసారాలోంచి పార తెచ్చుకుంది. ఇమాం సాహెబ్ భార్య ఆసియా అప్పటికే ఇంకో పారతో వీధిలో నిలబడి ఉంది. కాయకోతలకు కూలీలను తీసుకెళ్ళే ఆటోలో మా ఊరి ఆడవాళ్ళు ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నారు. నేను బాధ్యత గల పౌరుడిగా హెచ్చరించాను.

"ఒసే, రాతపూర్వకంగా పోయిన యవ్వారం ఇది. మధ్యలో మీరు దూరితే కేసు బలహీనపడుద్ది."

"బలానికి నువ్వున్నావుగా, నొక్కతా ఉండు" అని ఆటో ఎక్కింది.

పై ఊరి తూము దగ్గర వాళ్ళు చూసిందేమిటో తరవాత ఆసియా చెప్పింది. కాలువకు అడ్డంగా గోతాలు, గడ్డి యథాప్రకారం ఉన్నాయి. కాపలాకు మాత్రం ఒక్కడూ లేడు. కర్రలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. మగవాళ్ళంతా వంతెన పక్కన టీకొట్టులో వాళ్ళ పెద్దాయన వీరాంజనేయులు చుట్టూ మూగి ఉన్నారు. నా ఫోను కీర్తి విని ఆయన అలాంటిదే పాతది ఒకటి ఎక్కడినుంచో తెప్పించుకున్నాడు. దాని మీటలు నా మీటలకన్నా గట్టివట. ఇది ఆసియా మాట, నేను ఒప్పుకోను.

"ఏందన్నా, ఇయ్యాల కాపలా లేదా?" అని అడిగిందట ఆసియా.

"కాపలా దేనికమ్మా? నీళ్ళు కిందికి వదలొద్దని మా పెద్దాయన పైకి రాస్తన్నాడు" అన్నాడట ఒకాయన, తల తిప్పకుండా.

"మంచిగా రాసుకోండన్నా, తొందరేం లేదు" అని ధనమ్మ చీర ఎగగట్టి కాలువలోకి దిగింది. గోతం వెనక గోతం గట్టు మీదికి వచ్చింది. అప్పుడు పై ఊరి కుర్రాళ్ళు ఇద్దరు కర్రల వైపు నడిచారట. వీరాంజనేయులు చెయ్యెత్తి ఆపాడు.

"తొందరపడబాకండిరా. గోతాలు పీకతన్నారని కూడా రాసేస్తన్నా."

కుర్రాళ్ళు ఆగిపోయారు. తలలు నిలిచాయి. నీళ్ళు దిగాయి.

అదే సమయంలో ఇక్కడ నేను ఆఖరి రిమైండరు ముగించి, కింది వరసలో పెద్ద మీటను బలంగా నొక్కాను. కాలువలో క్రికెట్ ఆడుతున్న పిల్లలు వికెట్లు పట్టుకుని గట్టెక్కారు. ఇమాం సాహెబ్ నన్ను కావలించుకున్నాడు. ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా బురదతో ఆటో దిగేసరికి నన్ను భుజాల మీదికి ఎత్తే కార్యక్రమం జరుగుతోంది. వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో విచారించే తీరిక ఎవరికీ లేకపోయింది.

కాయ ఎర్రగా పండింది. కోత అయ్యాక సన్మాన సభ పెట్టాము. శాంతి కుదిరింది కాబట్టి వీరాంజనేయుల్నీ పిలిచాము. ఆయన తన ఫోనును నా ఫోను పక్కన బల్ల మీద పెట్టి, మైకు అందుకున్నాడు.

"సభాసదులారా, నిన్నటిదాకా మనది కర్రల నాగరికత. నేడు మనది మీటల నాగరికత. నా రాతలో బలం ఉంది, పక్కనున్న ఈ పుల్లయ్య గారి రాతలో వేగం ఉంది. నీళ్ళు వేగానికి లొంగాయి. ఈ ఓటమిని నేను లిఖితపూర్వకంగా స్వీకరిస్తున్నాను."

చప్పట్లు మారుమోగాయి. నాకు శాలువా కప్పారు. ఫోనుకు చిన్న శాలువా విడిగా కప్పారు.

సభకు రాజీవ్ కూడా వచ్చాడు. చప్పట్ల మధ్య ఫోను తీసుకుని చూసి, నా చెవి దగ్గరకు వంగాడు.

"మామా, ఇయ్యేవీ పోలేదు. రాసినయ్యన్నీ ఇందులోనే ఉన్నయ్. ఈ ఫోనుకు మెయిల్ ఎప్పుడో ఆపేశారు. ఆ ఎర్ర లైటు చార్జింగ్ అయిపోతందని చెప్పటానికి."

"నువ్వేగా చానా సెక్యూరిటీ అన్నావ్."

"అంటే?"

"రాసింది గడప దాటనియ్యలేదంటే ఇంతకన్నా సెక్యూరిటీ ఏముంటదిరా? దానికే ఇంకో శాలువా కప్పాలి. నువ్వు మైకు జోలికి మాత్రం పోబాక."

తరవాత సభ భవిష్యత్ కార్యక్రమం ఖరారు చేసింది. వచ్చే ఏడు నుంచి ఇరు ఊళ్ళ పెద్దలూ ఎదురెదురుగా కూర్చుని రాయాలి. ఉత్తరప్రత్యుత్తరాలు సాగుతుండగా ఆడవాళ్ళు కాలువలో దిగి అధికారుల దృష్టి మళ్ళించరాదు. ఏమైనా అభ్యంతరాలున్నాయా అని అడిగాము. వెనక వరసలో, టీ గ్లాసుల పళ్ళెం పట్టుకున్న ధనమ్మ లేచింది.

"నాకేం అభ్యంతరం లేదు. వచ్చే ఏడు నేను దిగను" అంది.

మేమంతా హర్షధ్వానాలు చేశాము. ఆమె మాత్రం ఆ పళ్ళెం నా ముందు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చేలో నారు పోసే కాలం దగ్గరపడినప్పటినుంచీ ఆ మాట ఎందుకో నాకు రోజూ గుర్తొస్తోంది. ముందుజాగ్రత్తగా ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించాను.

మీరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. పొద్దున మీ వీధిలో మురుగు పొంగితే ముక్కు మూసుకుని ఫోటో తీసి గ్రూపులో పెట్టింది మీరే. కింద నాలుగు దణ్ణం బొమ్మలు పడగానే, పని జరిగిపోయిందని స్నానానికి వెళ్ళిందీ మీరే. సాయంత్రానికి వీధి శుభ్రంగా ఉంది కదా. బురద ఎత్తిందెవరో కనుక్కున్నారా? పాపం, మీ ఫోనుకు చప్పుడు కూడా లేదు.