చక్రాల లోతు నిర్ణయ మండలి వారి ఆమోదంతో

మానవుడు చక్రాన్ని కనిపెట్టి కొన్ని వేల ఏళ్ళయింది. ఆ చక్రం ఎంత లోతు ఉండాలో తేల్చే మండలి మాత్రం మొన్న మొన్ననే ఏర్పడింది. ఈ మధ్యకాలమంతా జనం ఏ ధైర్యంతో రోడ్ల మీద తిరిగారో అంతుబట్టడం లేదని మండలి తన మొదటి వార్షిక నివేదికలోనే ఆశ్చర్యం వ్యక్తం చేసింది.

లోతంటే ఏమిటో తెలియని అమాయకులు ఇంకా ఉన్నారు కనుక చెప్పాలి. టైరు దగ్గర్నుంచి లోపలికి, ఇరుసు వైపుకి, చక్రం రిమ్ము ఎంతవరకు దిగుతుందో ఆ కొలతే లోతు. మామూలు సైకిలుకి అది బొటనవేలి వెడల్పు ఉంటుంది. పందెం సైకిలుకి అరచెయ్యంత ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ చక్రం ఎదురుగాలిని చీల్చుకుని పోతుంది. పక్కనుంచి గాలి కొడితే మాత్రం మనిషిని సైకిలుతో సహా పొదల్లోకి తీసుకుపోతుంది. నలభై మిల్లీమీటర్లా, అరవయ్యా, ఎనభయ్యా అన్న ప్రశ్న మీద సైకిల్ సంఘం ఒకసారి రెండుగా చీలి, మళ్ళీ కలిసింది. కలిసిన రోజునే ఈ మండలిని వేసుకున్నారు.

ఆ మండలి గుమ్మం తొక్కినవాళ్ళలో తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్ గారొకరు. ఇరవై రెండేళ్ళుగా దుకాణాల్లో తక్కెళ్ళు తనిఖీ చేస్తున్న మనిషి. ఇంట్లో కూడా ఆయన్ని ఇన్‌స్పెక్టర్ గారనే పిలుస్తారు (భార్య పిలిచినప్పుడు ఆ పిలుపులో గౌరవం ఒక్కటే ఉండదు). ఆ ఏడాది ఇంటిల్లిపాదీ కలిసి ట్రయథ్లాన్‌లో జట్టుగా పేరిచ్చారు. కూతురు ఈదాలి, ఆయన నలభై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, భార్య పది కిలోమీటర్లు పరిగెత్తాలి. కాలి చీలమండకి కట్టుకునే, టైము లెక్కగట్టే చిప్ ఒకటి ఉంటుంది. అది కూతురి కాలి నుంచి తండ్రి కాలికి, అక్కణ్ణుంచి తల్లి కాలికి మారాలి. ఉదయం తొమ్మిదీ నలభై అయిదు దాటాక ఎవర్నీ పరుగుకి వదలరు.

భార్య ఆసుపత్రిలో నర్సు. పేరిచ్చిన రోజు ఆవిడ మొగుడికి విషయం సూటిగా చెప్పింది.

"ఇరవయ్యేళ్ళుగా పరిగెడుతూనే ఉన్నానండీ, ఎవరో ఒకరు గంట కొడితే. ఒక్కసారి నాకోసం పరిగెత్తాలనుంది. నా ఛాతీ మీద నా నంబరు పెట్టుకుని. మీరు తొమ్మిదీ నలభై అయిదు లోపల ఆ చిప్ తెచ్చి నా కాలికి కట్టండి. అంతే."

"అంతేనా?" అన్నాడాయన.

"అంతే."

ఆ 'అంతే' ఇన్‌స్పెక్టర్ గారికి నచ్చలేదు. తన శాఖలో అంతటితో తేలిపోయే పని ఆయన ఒక్కటీ చూడలేదు. ఆ సాయంత్రమే, పందేనికని కొన్న కొత్త సైకిలుకి చక్రాల లోతు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు.

మండలి కార్యాలయం ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ఉంది. దుకాణం యజమానే లోతుల అధికారి. గోడకి అక్షరాల చార్టు వేలాడుతూంటుంది. తమ వంతు వచ్చేలోగా దరఖాస్తుదారులు దాన్ని కింది వరస దాకా చదివేసుకుంటారు. నింపాల్సిన ఫారం పేరు 'లోతు-7'. ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న ఫారాలు ఏమయ్యాయో తెలుసుకోవాలంటే 'లోతు-6' నింపాలి.

అధికారి ఫారాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "సగటు వేగం దగ్గర ఖాళీ వదిలేశారే?"

"చక్రాలు తేలితే గానీ తొక్కనండీ. తొక్కితే గానీ వేగం తెలీదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గారు.

"మరి రోజూ ఆఫీసుకి సైకిలు మీదే వెళ్తారటగా?"

"అది పాత సైకిలండీ. దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా?"

అధికారి మొహం విప్పారింది. "తీసుకోకూడదు. మీలాంటివాళ్ళు కావాలండీ మాకు! కొంతమంది ముందే తొక్కేసి వస్తారు. వాళ్ళతో చచ్చే చావు. మేమేం చెప్పినా, మా కాళ్ళకి అలా అనిపించలేదండీ అంటారు." ఆయన కలం అందించాడు. "ఆశించు వేగం అని పక్కనే ఇంకో గడి ఉంది, అది నింపండి."

ఇన్‌స్పెక్టర్ గారు గంటకు నలభై కిలోమీటర్లని రాశాడు (ఆ వేగం ఆయనకి కొత్తేమీ కాదు, బస్సులో చాలాసార్లు వెళ్ళాడు).

తర్వాత కాయితం పక్కగాలి పరిశీలకుడి దగ్గరికి వెళ్ళింది. పందెం దారిలో నది మీద వంతెన ఉంది. పరిశీలకుడు వరసగా మూడు ఆదివారాలు ఒక కర్రకి రుమాలు కట్టి ఆ వంతెన మీద నిలబడి నివేదిక రాశాడు. "మొదటి ఆదివారం: రుమాలు ఊగినది. రెండవ ఆదివారం: రుమాలు ఊగినది గానీ అయిష్టంగా. మూడవ ఆదివారం: రుమాలు పోయినది. కొత్తది మంజూరు చేయవలెను." రుమాలు మంజూరవడానికి పదకొండు రోజులు పట్టింది. అంతదాకా గాలి ఉన్నట్టా లేనట్టా అన్నది మండలి పెండింగులో పెట్టింది.

ఈలోగా భార్య డ్యూటీ దిగి వచ్చాక వీధి చివర పోస్టు డబ్బా దాకా పరిగెత్తడం మొదలుపెట్టింది. మొదటి వారం డబ్బాని పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. నెల తిరిగేసరికి బస్సు డిపో దాకా వెళ్ళి వస్తోంది. ఒక పొద్దున చెమటతో లోపలికొచ్చి, "ఇవాళ ఎనిమిది కిలోమీటర్లండీ!" అంది. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది.

"భేష్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గారు ఫోన్లోంచి తలెత్తకుండా. ఒంటి బరువు, ఎత్తు, దారి వంపులు, భుజాల వెడల్పు అన్నీ ఇస్తే సరిపడే లోతు చెప్పే యాప్ ఒకటుంది. ఆయన తన బరువుని ఆఫీసులోని ముద్ర వేసిన తూకంరాళ్ళతో సరిచూసి మరీ ఇచ్చాడు. యాప్ గంటసేపు ఆలోచించి, "మీకు తగిన లోతు: నలభై నుంచి ఎనభై" అని చెప్పింది.

"నాన్నా, నువ్వసలు కొత్త సైకిలెక్కావా?" అనడిగింది కూతురు తల తుడుచుకుంటూ. అప్పుడే ఈత నుంచి వచ్చింది.

"ఇంకా కొలతల దశలోనే ఉన్నానమ్మా."

"అమ్మ రేపు పది కొడుతుందట."

"కొట్టనీ. పరుగుకి లోతేముంది?" అన్నాడాయన.

చివరికి మండలి నిండు సభలో, నలుగురు అవునని ముగ్గురు కాదని, ముందు చక్రం అరవై, వెనక చక్రం ఎనభై అని తీర్మానించింది. కాదన్న ముగ్గురూ తలా ఒక అసమ్మతి పత్రం జతచేశారు. ఈ లోతుల వల్ల పందెంలో ఎనభై నాలుగు సెకన్లు ఆదా అవుతాయని అంచనా కట్టారు. ఆ సంఖ్యని ఇన్‌స్పెక్టర్ గారు రెండు రోజులు ఇంట్లో తిరుగుతూ మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాడు.

చక్రాలు బిగించిన మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "సార్, రిమ్ము లోతు పెరిగింది గదా, లోపల ట్యూబులకి పొడుగు వాల్వులున్నవే వేశాను. దారిలో పంక్చరయితే మార్చుకోడానికి స్పేరు కూడా పొడుగు వాల్వుదే పెట్టుకోండి. పాతదైతే గాలి కొట్టే మూతి బయటికి రాదు," అన్నాడు.

"వాల్వు పొడుగు మీద మండలి తీర్మానమేమైనా ఉందా?"

"దానికి మండలెందుకు సార్? మూరెడు గొట్టంలో జానెడు పుల్ల పెడితే బయటికి కనపడదు గదా!"

ఇన్‌స్పెక్టర్ గారు జాలిగా నవ్వాడు. తీర్మానం లేని కొలత ఆయన దృష్టిలో కొలతే కాదు. సీటు కింద సంచిలో పాత ట్యూబు అలాగే ఉండిపోయింది. పంక్చరు అతికించే సరంజామా మాత్రం ఉండలేదు. అది పద్దెనిమిది గ్రాములు తూగడంతో అదనపు బరువుల ఉపసంఘం తీసేయమని సలహా ఇచ్చింది.

పందెం రోజు ఉదయం ఏడింటికి కూతురు నీళ్ళలోకి దూకి, ముప్ఫై మూడు నిమిషాల్లో బయటికొచ్చి, వగరుస్తూ తండ్రి కాలికి చిప్ కట్టింది. పక్కనే భార్య నిలబడి ఉంది, ఛాతీ మీద రెండు వందల ఆరు నంబరుతో. ఆ నంబరు నాలుగు మూలలా పిన్నీసులు సరిగా ఉన్నాయో లేదో తడుముకుని చూసుకుంటోంది.

"జాగ్రత్తగా వెళ్ళి రండి," అంది. "చాలా టైముంది. నెమ్మదిగా వచ్చినా సరిపోతుంది."

ఆఫీసుకి తొక్కితొక్కి ఆయన కాళ్ళలో సత్తువ ఉండనే ఉంది. ముప్ఫై మూడో కిలోమీటరు దాకా బాగానే వెళ్ళాడు. టైము ఇంకా ఎనిమిదీ ముప్పావే. సరిగ్గా వంతెన మీద వెనక టైరు బుస్సుమంది.

ఆయన కంగారు పడలేదు. చక్రం విప్పి, పాత ట్యూబు ఎక్కించి, గాలి కొడదామని వాల్వు కోసం చూశాడు. రిమ్ములో చిన్న కన్నం కనబడింది. ఆ కన్నంలో చీకటి కనబడింది. వేలు పెట్టి చూశాడు, వేలు పట్టలేదు. తర్వాత ఇరవై రెండేళ్ళ అనుభవంతో రోడ్డు పక్క చతికిలబడి కొలిచాడు. వాల్వు నలభై ఎనిమిది మిల్లీమీటర్లు, రిమ్ము ఎనభై. ముప్ఫై రెండు మిల్లీమీటర్లు తక్కువ. దుకాణంలో ఇంత తేడా కనబడితే ఆయన మారు మాట్లాడకుండా సీలు వేసేవాడు.

వంతెన మీద పక్కగాలి పరిశీలకుడు కొత్త రుమాలుతో డ్యూటీలో ఉన్నాడు.

"ఏమండీ, మీ దగ్గర ట్యూబేమైనా ఉందా?"

"నాది గాలి శాఖండీ," అన్నాడు పరిశీలకుడు నొచ్చుకుంటూ. "గాలే, అదీ బయటి గాలి. అయినా దారిలో బయటివాళ్ళ సాయం తీసుకుంటే జట్టునే రద్దు చేస్తారు."

"పోనీ, ఇవాళ గాలెలా ఉంది?"

పరిశీలకుడు రుమాలు వంక చూశాడు. అది కర్రకి అంటుకుపోయి ఉంది. "ఇవాళ అస్సల్లేదండీ. లోతేదైనా ఒకటే."

ఇన్‌స్పెక్టర్ గారు సైకిలు నడిపించుకుంటూ బయల్దేరాడు. ఇంకా ఏడు కిలోమీటర్లుంది. అడుగున ఇనప బిళ్ళలున్న సైకిలు బూట్లతో రోడ్డు మీద నడవడం కుదరక, వాటిని విప్పి చేత్తో పట్టుకుని మేజోళ్ళతో నడిచాడు. పక్కనుంచి జనం దూసుకుపోతున్నారు. బుట్ట తగిలించిన సైకిలు మీద ఒక ముసలాయన గంట కొట్టి మరీ దాటిపోయాడు. తొమ్మిదిన్నర దాటాక ఇన్‌స్పెక్టర్ గారికి మొదటిసారి భయం వేసింది. రెండు వందల ఆరు నంబరు, ఆ పిన్నీసులు కళ్ళ ముందు కనబడ్డాయి. సైకిలు తోసుకుంటూ పరుగు లంకించుకున్నాడు. మూడు నెలల్లో ఆయన నిజంగా పరిగెత్తింది అప్పుడే. కాళ్ళు బొబ్బలెక్కాయి. తొమ్మిదీ నలభై అయిదు వచ్చింది, దాటిపోయింది.

ఆయన చేరేసరికి పదింపావయింది. చిప్‌లు మార్చుకునే చోట భార్య ఒక్కతే నిలబడి ఉంది. కూర్చోమని కుర్చీ వేసినా కూర్చోలేదని తర్వాత కూతురు చెప్పింది. ఆయన వంగి, చిప్ విప్పి ఆవిడ కాలికి కట్టాడు.

కాలనిర్ణేత పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆ చిప్‌ని తొమ్మిదీ నలభై అయిదుకే ఆపేశాం."

"ఆపింది చిప్‌నేగా?" అంది ఆవిడ.

"మీరిప్పుడు పరిగెత్తినా అది పరుగు కిందికి రాదు."

"మరి దేని కిందికొస్తుంది?"

కాలనిర్ణేత నిబంధనల పుస్తకం తిరగేశాడు. "షికారు కిందికొస్తుంది," అన్నాడు చివరికి.

"అయితే షికారుకెళ్ళొస్తాను," అని ఆవిడ పరుగు మొదలుపెట్టింది.

తిరిగొచ్చేసరికి గాలి నింపిన గెలుపు కమానులోంచి గాలి తీసి మడతపెడుతున్నారు. ఆవిడ ఆ మడతల పక్కనుంచే గీత దాటింది. కూతురు తన చేతి గడియారంలో చూసి యాభై ఎనిమిది నిమిషాలని అరిచింది. అరిచినా ఎవరూ రాసుకోలేదు. మర్నాడు వచ్చిన ఫలితాల పట్టికలో వీళ్ళ జట్టు వరసలో మూడు గడులున్నాయి. మూడో గడిలో 'పరుగు జరగలేదు' అని ఉంది. ఇన్‌స్పెక్టర్ గారు చాలాసేపు ఆ గడినే చూస్తూ ఉండిపోయాడు. సిగ్గేసింది. భార్యతో ఆ మాట చెప్పాలనుకున్నాడు. దానికి ఏ ఫారం నింపాలో ఆయనకి తెలియలేదు.

రెండు వారాలకి మండలి నుంచి ముద్ర వేసిన ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని భార్యకి చదివి వినిపిస్తే ఏదో ఒక మాట మొదలవుతుందని ఆయనకి ఆశ పుట్టింది. ఆవిడ గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"చూడు, నా చక్రాల వల్ల నిజంగానే ఎనభై నాలుగు సెకన్లు ఆదా అయ్యాయట!" అని ఆయన ఎదురుగా నిలబడి మొదలుపెట్టాడు. తీర్మానం సంఖ్య, తేదీ, మూడు అసమ్మతి పత్రాలు, ముగ్గురు అధికారుల సంతకాలు, ఒక్కటీ వదలకుండా గొంతు సవరించుకుని చదివాడు. ముగించి తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. వీధి చివర పోస్టు డబ్బా మలుపులో భార్య వీపు ఒక్క క్షణం కనబడి మాయమైంది.

పత్రం చదవడానికి ఎంతసేపు పట్టిందోనని ఆయన అలవాటు కొద్దీ గడియారం చూసుకున్నాడు. సరిగ్గా ఎనభై నాలుగు సెకన్లు.