బెల్లం తిన్న చేను

ఆలూరు పక్క ఊళ్లో రామలింగప్పను అందరూ ఆరంభప్ప అనేవాళ్లు. తెల్లదొరల సర్కారు నడుస్తున్న ఆ కాలంలో ఆయన మొదలుపెట్టని పని లేదు; ముగించిన పని ఉందా అంటే వెతకాలి. బావి తవ్వుతానని నడుములోతు తవ్వి వదిలేసిన గుంతలో ఆ యేడు కుక్క ఈనింది.

అలాంటివాడు ఒక సంతరోజు ఎద్దులకన్నా ముందు ఉరుక్కుంటూ ఇంటికొచ్చాడు. తలపాగా ఊడి మెడలో వేలాడుతున్నా పట్టించుకోలేదు.

"గిడ్డీ! మన నేలకు ఆకలంట!"

ఆయన పెళ్లాం గిడ్డమ్మ సంగటి కెలుకుతూ తల కూడా ఎత్తలేదు. "నీకు కాలేదా? కాళ్లు కడుక్కో, పెడతా."

"అది గాదే! సర్కారు ఎరువులాయన సంతలో చెప్పినాడు. నేలలో కంటికి కానరాని పురుగులు కోట్లు ఉండాయంట. పెండా, ఆకూ, కసువూ పెడితే తిని మన జొన్నకు బలమిస్తాయంట. ఎండి గట్టిపడింది వాటికి నచ్చదు. మెత్తగా తొందరగా కుళ్లేదే కావాల!"

"కోట్ల మంది చుట్టాలను ఒక్కనాడే పిల్చుకొచ్చినావు. వండి పెట్టేదెవరు?"

తిరకాసంతా అక్కడే ఉంది. కొట్టంలో ఎద్దులూ బర్రే వేసే పేడంతా గిడ్డమ్మ చేతిలో పిడకలై గోడెక్కేది. ఆ ఇంటి పొయ్యికి అవే ఆధారం.

"రేపట్నుంచి పిడక కొట్టొద్దు. పెండంతా ఎరువు గుంతకే" అన్నాడు రామలింగప్ప.

"సరే. పొయ్యిలో నీ తలపాగా పెట్టాల్నా?"

"శేనికి పోయి కందికట్టె మోసుకొచ్చుకో."

"నేనా? కలుపూ నాదే, నీళ్లూ నావే, ఇప్పుడు కట్టె గూడా నా నెత్తికేనా?"

రామలింగప్ప మీసం దువ్వి పందెం కట్టాడు. వచ్చే సంత మరునాడు ఎరువులాయన వాళ్ల ఊరికే వస్తాడట. కలరా యేట బావిలో కలిపిన ఊదారంగు మందు నీళ్లు తెచ్చి అందులో మన్ను వేస్తాడట. సత్తువున్న మన్నయితే రంగును మింగేస్తుంది, వట్టి మన్నయితే నీళ్లు ఊదాగానే ఉంటాయి.

"అంతలోపల శేన్లో ఒక మూల ఆకూ కసువూ కలుపుతా. రంగు పోయిందా, పెండ గుంతకు, కట్టె నీ నెత్తికి. పోకుంటే ఇంగ ఆ మాటే ఎత్తను."

"ఓడినోళ్లు కట్టె మోయాల. మాట తప్పకూడదు" అంది గిడ్డమ్మ.

మొదటిరోజు రామలింగప్ప కసువు గంప ఎత్తుకుని ఊరంతా కనబడేలా తిరిగాడు. రెండోరోజు నడుము పట్టింది. మూడోరోజు ఎదురింటి దాసన్న అరుగు మీద కూర్చుని, నేల ఆకలి గురించి వచ్చేపోయేవాళ్లకు చెప్పడంతోనే పొద్దు గూకింది. తీరా సంతరోజు వచ్చేసరికి చేను ఎప్పటిలాగే ఎండిపోయి ఉంది.

పందెం పోయిందని ఆయన తల పట్టుకున్నాడు. అప్పుడే ఒక సంగతి తట్టి ఎగిరి గంతేశాడు. కలరా యేట ఊదా బావినీళ్లతో పులుసు కలిపితే, చింతపండూ బెల్లమూ పడి కాసేపటికే ఆ రంగు మాయమయ్యేది! వంటింట్లో దూరి ఒక బెల్లం గడ్డ, గుప్పెడు చింతపండు తీసి నానబెట్టి, చేని మన్నులో పిసికి ఆరబెట్టి, గుడ్డలో మూటకట్టి కొట్టం అటక మీద దాచాడు. ఇంత తెలివి తనకెక్కడిదా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఆ యేట పులుసు కలిపిన చెయ్యి ఎవరిదో మాత్రం గుర్తు రాలేదు.

"బెల్లం యాడబోయింది?" అనడిగింది గిడ్డమ్మ.

"ఎలకలే."

"చింతపండు గూడా తగ్గిందే. ఎలకలు పులుసు కాంచుకుంటాండాయా?"

రామలింగప్ప దగ్గుతూ బయటికి జారుకున్నాడు. మర్నాడు పొద్దున చీమల బారొకటి వంటింటి గడప దాటి కొట్టంలోకి పోతుంటే గిడ్డమ్మ దాని వెంటే పోయింది. అటక చూసింది, మూట విప్పి వాసన చూసింది, మళ్లీ ఎప్పటిలాగే కట్టేసి వచ్చింది.

ఎరువులాయన వచ్చి రచ్చకట్ట మీద గాజుగ్లాసుల్లో ఊదానీళ్లు పోసి పెట్టాడు. ఊరంతా మూగింది. రామలింగప్ప మూట అందించాడు. విప్పీ విప్పకముందే చీమలు ఎరువులాయన చొక్కా చేతుల్లోకి పాకాయి.

"అబ్బబ్బ! ఇంత ప్రాణమున్న నేల నేనెక్కడా చూడలేదు!" అంటూ ఆయన అక్కడే చిందులు తొక్కాడు.

మన్ను గ్లాసులో పడింది. కలిపేకొద్దీ ఊదారంగు గోధుమరంగుకు తిరిగి చూస్తుండగానే పోయింది. జనం చప్పట్లు కొట్టారు. రామలింగప్ప ఎగిరాడు, తలపాగా గాల్లోకి విసిరాడు, దాసన్నను ఎత్తి తిప్పాడు.

"ఆరంభప్పకు దేవుడు పూనినాడు!" అని అరిచింది పొరుగింటి గంగక్క.

అప్పుడు గిడ్డమ్మ లోటాతో ముందుకొచ్చింది. "సామీ, ఇది గూడా సూడండి."

లోటాలోది ఇంకో గ్లాసులో పోశాడాయన. ఆ రంగు ఇంకా తొందరగా పోయింది.

"ఇదెక్కడి మన్నమ్మా?"

"మన్ను గాదు సామీ, మా ఇంటి పులుసు. మా ఆయన శేనికి గూడా ఇదే పోసినాడు."

రచ్చకట్ట నవ్వులతో ఊగిపోయింది. రామలింగప్ప తలపాగా వెతుక్కునే నెపంతో కిందికి వంగి, లేవడమే మరిచాడు.

ఎరువులాయన నవ్వాపుకుని, వాళ్ల చేని అసలు మన్నూ గిడ్డమ్మ రోజూ ఇంటి కసువు ఊడ్చిపోసే దిబ్బ కింది మన్నూ తెప్పించాడు. దిబ్బమన్ను వేసిన గ్లాసులో రంగు పోయింది. చేనిమన్ను వేసిన గ్లాసు చెక్కుచెదరకుండా ఊదాగానే నిలిచింది.

గిడ్డమ్మ నవ్వు ఆగిపోయింది. యేటేటా జొన్నకంకి చిన్నదవుతుంటే వానదే తప్పనుకుంది. ఇప్పుడా గ్లాసును చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూసింది.

"శేను తినాల్సిన కూడంతా నేనే పొయ్యిలో పెడతా వచ్చినానా?" అంది మెల్లగా. ఆ వెంటనే గొంతు సవరించుకుంది. "రేపట్నుంచి పెండంతా గుంతకే."

రామలింగప్ప చటుక్కున లేచాడు. "సూసినారా! నేను గెలిచినా!"

"యాడ గెలిచినావు? నీ శేని మన్ను రంగు తినల్యా. ఓడినోళ్లు కట్టె మోయాల. ఊరంతా సాచ్చికం."

ఊరంతా అవునంది. ఎరువులాయన కూడా తలూపాడు.

మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రమూ రామలింగప్ప నెత్తిన కందికట్టె మోపు కనబడింది. మొదలుపెట్టి మధ్యలో వదలలేని పని ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అదొక్కటే. వదిలితే పొయ్యి వెలగదు మరి.

తొలిరోజు సాయంత్రం మోపు దించి ఆవురావురుమంటూ కూర్చున్నాడు. గిడ్డమ్మ సంగటి పెట్టి పులుసు పోసింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే పులుపుకు ఆయన కళ్లు మూతలు పడ్డాయి.

"ఏమే! దీంట్లో బెల్లమేదీ?"

"నీ వంతుది శేను తినింది గదా" అంది గిడ్డమ్మ ఇంకో గరిటె పోస్తూ. "కోతలు కానీ, దాన్నే అడిగి ఇప్పిస్తా."