ఇంగ్లిషు పాసేజీల సప్తాహ పారాయణం

భక్తులకు, పరీక్షార్థులకు తెలియజేయునది ఏమనగా: ఖమ్మంలో మా ఇంటి ముందు షామియానా వేసి, వారం రోజులు, రాత్రింబవళ్లు, ఇంగ్లిషు రీడింగ్ పాసేజీల సప్తాహ పారాయణం దిగ్విజయంగా జరిగింది. వచ్చినవారందరికీ పులిహోర అందింది. పాసేజీలు మాత్రం ఒక్కరికి అర్థమయ్యాయి. ఆ లోపం ఎలా జరిగిందో విన్నవించుకోవడానికే ఈ నివేదిక.

మా కింది హాలు వెంకటరామారావు గారి కోచింగ్ సెంటరుకు కిరాయికిచ్చాం. విదేశాల్లో ఉద్యోగాలకు వెళ్లే నర్సులకు ఆయన ఇంగ్లిషు పరీక్ష నేర్పుతారు. వినడం, రాయడం, మాట్లాడడం ఎవరైనా నేర్పగలరు. ఆయన ప్రత్యేకత రీడింగ్. అందులో ఆయన సిద్ధాంతం ఒక్కటే: పాసేజీని చదవకూడదు. మొదటి వాక్యం చూడాలి, చివరి వాక్యం చూడాలి, నడుమ ఉన్నదాన్ని బస్సు కిటికీలోంచి పత్తిచేను చూసినట్టు పోనివ్వాలి. ప్రశ్నలోని మాట పాసేజీలో ఎక్కడుందో వేలితో వెతికి పట్టుకోవాలి. దొరికితే నిజం, తిరగబడితే అబద్ధం, అసలు దొరక్కపోతే ‘ఇవ్వలేదు’ అని జవాబు పెట్టాలి. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘ఇచ్చట చదవరాదు’ అని బోర్డు కూడా పెట్టించారు. చదువు చెప్పే చోట ఇదేమిటని మొదట్లో అనుకునేవాణ్ని. తరువాత అలవాటైంది.

మా పైగదిలో భాను ఉంటుంది. టేకులపల్లి అవతల తండా పిల్ల. ఇక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సు. ఐర్లాండులో ఒక పెద్దాసుపత్రి వారు ఆమెకు ఉద్యోగం ఖాయం చేసి, దసరా దాకా ఖాళీ పట్టి ఉంచారు. మిగతా భాగాలన్నీ గట్టెక్కిన పిల్ల రీడింగ్‌లో రెండుసార్లు పోయింది. ఈసారి పోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

ఆమెకున్న జబ్బు ఆసక్తి. దవాఖానలో కేసు షీట్లు ఆఖరిదాకా చదివి చదివి ఒంటికి పట్టింది. ఒకసారి పాసేజీలో ఏదో దీవిలో గూళ్లు కట్టుకునే పక్షుల సంగతి వస్తే, క్లాసు నడుమ చెయ్యెత్తింది.

“సార్, గా పక్షులు మల్ల ఏడాది తిరిగొచ్చినయా?”

“పాసేజీ అయిపోయిందమ్మా. దాంతోపాటే పక్షులూ అయిపోయాయి,” అన్నారు సారు. ఆయనది మధిర వైపు. కోపంలో కూడా మాట మెత్తగానే ఉంటుంది.

నయం చేయడానికి ఆయన చేయని ప్రయత్నం లేదు. అట్టముక్కకు కంత పెట్టి, ఒక్క మాట తప్ప మరేదీ కనబడకుండా చేసిచ్చారు. భాను కంతను జరుపుకుంటూ పేజీ మొత్తం చదివేసింది. కాగితం తలకిందులు చేసిస్తే మెడ వంచి చదివింది. పరీక్షలో మాత్రం సారు మాట కాదనలేక నడుమ భాగం వదిలేసేది. వదిలేసిన చోట ఏం జరిగిందోనని మనసు అక్కడే తిరుగుతుండగా గంట కొట్టేసేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఉదయం సారు నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి పైకి వచ్చి, నా రామాయణ పారాయణం విన్నారు. నాది పదో తరగతి చదువు. మార్కెట్ యార్డులో మిర్చి కాంటాల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. భద్రాద్రి రాముడి దయవల్ల ఇన్నేళ్లుగా రోజుకొక సర్గ తప్పలేదు. కాఫీ చల్లారేలోపు పూర్తవుతుంది. సారు చెప్పులు విడిచి గడపలో నిలబడ్డారు.

“ఇవాళ ఏం చదివారండీ?”

“రామాయణం,” అన్నాను.

“అందులో ఏం జరిగిందండీ?”

“శ్లోకాలు,” అన్నాను.

సారు వంగి నా కాళ్లకు మొక్కారు. అర్థం అడ్డురాకుండా ఇంత వేగంగా చదవగల మనిషి నెత్తి మీదే కాపురముంటే, తాను ఊళ్లన్నీ వెతికానని కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రానికి నేను రీడింగ్ విభాగానికి గౌరవ అధ్యాపకుణ్ని. నాకు ఇంగ్లిషు రాకపోవడం అదనపు అర్హతగా నమోదైంది.

సప్తాహం ఆలోచన అలా పుట్టింది. వ్యాసపీఠం మీద పాసేజీల పుస్తకం పెట్టి అఖండదీపం వెలిగించాం. జిరాక్స్ షాపు గౌస్ భాయ్ కట్టలు కట్టలు తెచ్చిచ్చి, నకళ్లకు కూడా పసుపు పెడతారా అని మర్యాదగా అడిగాడు. అసలుది ఇంగ్లండులో ఉంది గనుక నకలుకే పెట్టాలని మా సప్తాహ కమిటీ తీర్మానించింది. నియమాలు రెండే: ఆగకూడదు, అర్థం చేసుకోకూడదు. చదువుతూ ఎవరైనా నవ్వితే అర్థమైనట్టు లెక్క. వారు నీళ్లు చల్లుకుని మళ్లీ మొదటినుంచి చదవాలి.

డ్యూటీల వల్ల రాలేని నర్సుల తరఫున తండ్రులు వచ్చి, గోత్రమూ హాల్ టికెట్ నంబరూ చెప్పించుకుని చదివారు. దూలయ్య అనే మిర్చి రైతుకు ఇంగ్లిషు అక్షరాల వరకే వచ్చు. బిడ్డ కోసం ఆయన ‘టి, హెచ్, ఇ’ అంటూ ఒక్క పేరాను పొద్దంతా మైకులో లాగాడు. యార్డులో హమాలీలు మూటలు దించి దండం పెట్టుకున్నారు. నడుమ ప్రదక్షిణలు మొదలయ్యాయి. మంచుకొండల పాసేజీ నడుస్తుండగా ఎదురింటి గేదె ఈనితే దూడకు గ్రీన్‌లాండ్ అని పేరు పెట్టారు. భద్రాచలం వెళ్లవలసిన యాత్రికులు కొందరు మా వీధిలోనే మొక్కు తీర్చుకుని, బస్సు కిరాయి మిగిలిందని సంతోషంగా వెనక్కి వెళ్లారు.

ఇంతలో అపచారం జరిగింది. భాను తన వంతు చదువుతూ ఫక్కున నవ్వింది. మైకులో నవ్వింది. కమిటీ అత్యవసరంగా సమావేశమై, శిక్షగా మిగిలిన రోజుల మధ్యాహ్నాలన్నీ ఆమెకే కేటాయించింది. ఆ వేళ ఎవరూ వినరు గనుక అర్థమైనా ప్రమాదం లేదని సారు అభిప్రాయం.

మా ఇంటావిడ ఒక్కతే పూలు గుచ్చుకుంటూ అక్కడ కూర్చునేది. “ఎందుకు నవ్వినవ్ బిడ్డా?” అని అడిగింది.

“ఆంటీ, ఆక్టోపస్ అని ఎనిమిది చేతులది సముద్రంల ఉంటది. దాన్ని తొట్లె పెట్టి మూతేసిన్రట. కావలోడు పండుకోంగనే మూత తీసి, పక్క తొట్లెకు పోయి చేపలు తిని, మల్లొచ్చి మూతేసుకొని పంటుండెనట.”

“మా మరిది గట్లనే,” అంది మా ఇంటావిడ.

మర్నాటికి వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. చదవడం ఆపితే నియమభంగం. చెప్పకపోతే ఆడవాళ్లు ఊరుకోరు. పేజీ తిప్పేంత వ్యవధిలోనే భాను ఆ పేజీలో ఉన్నదంతా తెలుగులో చెప్పేయాల్సి వచ్చేది. సప్తాహం ముగిసేసరికి ఆ పిల్ల నా అంత వేగంగా చదువుతోంది. అర్థం కూడా వెంటే పరుగెత్తుకొస్తోంది. ఈ సంగతి నేను సారుకు చెప్పలేదు. పెద్దవారు, తట్టుకోలేరు.

హైదరాబాదులో పరీక్ష అయింది. ఫలితం వచ్చింది. భాను మంచి మార్కులతో గెలిచింది. మా వీధిలోనే సన్మానసభ పెట్టాం. ముఖ్య అతిథి గారు గంభీరంగా ప్రసంగించారు: “చదవకపోవడం మన జాతి సంపద. ఏమున్నదో చూడకుండానే సంతకాలు పెట్టిన మహానుభావులు ఈ గడ్డ మీద ఎందరో పుట్టారు. నేనూ అందులో ఒకణ్ని. ఆ సంప్రదాయానికి నేడు అంతర్జాతీయ గుర్తింపు రావడం మనందరికీ గర్వకారణం.”

తరువాత భాను మైకు ముందుకు వచ్చింది.

“తప్పు పట్టకుండ్రి సార్. మీరు చెప్పినట్టు నడుమ ఇడిసిపెట్టి రెండుసార్లు పోయిన. ఈసారి మొదటికెల్లి ఆఖరుదాంక చదివి రాసిన. గంతే.”

ముందు వరసలో చిన్నపిల్లలున్నారని ఒక తల్లి గొణిగింది. సారు మైకు అందుకుని, అమ్మాయి ప్రయాణాల వల్ల అలిసిపోయిందని, ఇది కేవలం ఆమె వినయమని వివరించారు. అప్పుడు చప్పట్లు మోగాయి. రిపోర్టరు సభ మొదట్లో వచ్చి, నడుమ పులిహోరకు వెళ్లి, వందన సమర్పణకు తిరిగి వచ్చాడు. మర్నాడు పత్రికలో ‘చదవకుండానే రీడింగ్ గెలిచిన గిరిజన బిడ్డ’ అని వార్త వచ్చింది. కొత్త బ్యాచీకి హాలు చాలక సారు మా వరండా కూడా అడిగారు.

భాను విమానమెక్కిన మర్నాడు నేను పారాయణానికి కూర్చుంటే, మా ఇంటావిడ పూలబుట్టతో ఎదురుగా వచ్చి కూర్చుంది. “ఇన్నేండ్ల సంది చదువుతున్నరు గదా. ఏమున్నదో నాకూ చెప్పుండ్రి,” అంది. కింద తాత్పర్యం ఉందని అప్పుడు చూశాను. కూడబలుక్కుంటూ చదివాను. సీతమ్మ హనుమంతుణ్ని మొదట నమ్మలేదట.

“ఒక్కతే ఉన్న ఆడమనిషి ఎట్ల నమ్ముతది?” అంది ఆమె.

ఆ తాత్పర్యం మళ్లీ మొదటినుంచి చదివాను. కాఫీ చల్లారింది. సర్గ సగంలోనే ఉంది. వేగం దారుణంగా పడిపోయిన కారణంగా ఆ వారంలోనే నన్ను గౌరవ అధ్యాపక పదవి నుంచి తొలగించారు.

ఫలశ్రుతి. చివరి పేరా మాత్రమే చదివే పాఠక మహాశయుల సౌకర్యార్థం: భాను వెంకటరామారావు గారి పద్ధతిని తు.చ. తప్పక పాటించి, ఒక్క వాక్యమైనా చదవకుండా, తొలి ప్రయత్నంలోనే గెలిచింది. తమరు నడుమ ఏమీ పోగొట్టుకోలేదు. ఈ మంచి మాట నలుగురికీ చెప్పండి. కథ మొత్తం చదివినవారు కాదనవచ్చు గానీ, వారు కొద్దిమంది. వారి మాట ఎవరూ చివరిదాకా వినరు.