స్మార్ట్ బోర్డు ఉండగా ప్రశ్నలెందుకు?

పిల్లల నోట ప్రశ్న పుట్టకుండా కాపాడే దివ్యయంత్రం స్మార్ట్ బోర్డు! దానికి రోజూ కొబ్బరికాయ కొట్టినా తప్పులేదు. అనుమానమా? మూతబడ్డ బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఫ్రాంక్లిన్ సారు కథ వినండి.

ఈయన ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి సైన్సు చెబుతాడు. బోర్డు రాకముందు ఆయనది బతుకా? పిల్లలు అడిగేవాళ్లు! పుస్తకంలో లేనివి అడిగేవాళ్లు!

"కోడికి చెవులు కనబడవు గదా సార్, పక్కింటి కోడి కూస్తే మా కోడికి ఎట్లా వినిపిస్తాది?"

పాపం సారు సుద్దముక్క కింద పడేసుకుని, గంట కొట్టేదాకా బల్ల కింద వెతుక్కునేవాడు.

అది చూడలేక బడి యజమాని శ్రీరామప్ప నల్లబల్ల పీకించి స్మార్ట్ బోర్డు పెట్టించాడు. "ఇంగ నువ్వు నోరు నొప్పించుకోవద్దప్పా. ఆలోచింపజేసే ప్రశ్నలన్నీ ఇదే అడుగుతాది" అన్నాడు.

నిజమే! ప్రశ్న అదే అడుగుతుంది, నాలుగు జవాబులూ అదే ఇస్తుంది. పిల్లలు ఒకటి నొక్కాలి. మూడు తప్పులయ్యాక నాలుగోది ఎలాగూ ఒప్పే! వెంటనే చప్పట్లు, బెలూన్లు. ఇంత లోతైన ఆలోచన ఏ ఋషి చేశాడు? ఒకసారి బోర్డు మీద పాకిన బల్లికి కిరణజన్య సంయోగక్రియలో నూటికి నూరు వచ్చాయి!

సారు హాయిగా కుర్చీలో కూర్చుని ఒళ్లు చేశాడు.

ఇలా ఉండగా, భూమి పొరల పాఠంలో, గని కార్మికుల పేట కోరమండల్ నుంచి వచ్చే నాగరత్న లేచింది. "సార్, లోపలికి పోయేకొద్దీ వేడి అంటా ఉండాది బోర్డు. మన గనులు మూసినాక నీళ్లు నిండినాయంట గదా. ఆ నీళ్లు చల్లగా ఉండాయా, కాగుతా ఉండాయా?"

"బోర్డుని అడుగమ్మా."

'మంచి ప్రశ్న! ఎ, బి, సి, డిలలో ఒకటి ఎంచుకోండి' అంది బోర్డు. అంతలో కరెంటు పోయింది.

క్లాసంతా సారు వైపు తిరిగింది. వెతుక్కుందామంటే సుద్దముక్క కూడా లేదాయె!

"తెలీదమ్మా" అనేశాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ ధైర్యంతో, "మీకేమనిపిస్తాది?" అన్నాడు.

"లోపల చొక్కా విప్పి పని చేసేవాళ్లమని మా తాత చెప్పినాడు సార్. వేడిగానే ఉంటాది" అంది ప్రిన్సీ.

"అయితే ఆవిరి పైకి రావాల గదా?" అన్నాడు సునీల్‌కుమార్.

సారు తన ఫోను వాళ్ల చేతికిచ్చాడు. వెతికితే రెండు రకాల జవాబులు వచ్చాయి. ఏది నమ్మాలి, ఎందుకు నమ్మాలి అని పెద్ద కొట్లాట! మధ్యలో సారూ దూరాడు. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు.

గోల విని శ్రీరామప్ప పరిగెత్తుకొచ్చాడు. "ఏమప్పా ఫ్రాంక్లిన్, కరెంటు పోతే క్లాసు ఇట్లా చెడిపోతాదా?"

"చెడిపోలేదు సార్. పిల్లలు ఆలోచిస్తా ఉండారు."

"నేనూ అదే గదప్పా చెప్తా ఉండేది!"

మర్నాడే పెద్ద ఇన్వర్టరు దిగింది, బోర్డు తీగ దానికే కలిపారు. ఇక కరెంటు పోయినా బోర్డు ఆరదు, పిల్లలకు ఆలోచన బెడద ఉండదు. ఎంత ముందుచూపు!

కానీ దానికేం రోగమో, సరిగ్గా ఏడో తరగతి సైన్సు పీరియడ్‌కే ఆ ఇన్వర్టరు ఆగి బోర్డు ఆరిపోతోంది. పీరియడ్‌కి ముందు ఫ్రాంక్లిన్ సారు మెట్ల కింద ఇన్వర్టరు గదిలోంచి చేతులు దులుపుకుంటూ రావడం బడిలో అందరూ చూస్తూనే ఉన్నారు. ఎందుకు ఆగుతోందని శ్రీరామప్ప మాత్రం ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.

అడగడం ఆయనకి ఏ బడిలో నేర్పారు గనక!