నిలబడి తిన్నది తిండి కాదు

బరువు తగ్గాలంటే తిండి తగ్గించాలని చెప్పేవాళ్లను నమ్మకండి. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను చాలు! తిన్నదల్లా రోజూ రాసుకుంటే మన అలవాట్లు మనకే అర్థమైపోతాయట. ఒళ్లు తరిగే ఇంత సులువైన దారి ఉండగా పొద్దున్నే లేచి పరుగులెందుకు? కావాలంటే గౌలిపురలో పాల సాయిలును అడగండి.

సాయిలు తొంభై ఆరు కిలోల మనిషి. మోకాలు పట్టేసి గొంతుక్కూర్చోలేకపోతున్నాడు. మీరూ నేనూ అయితే కుర్చీ లాక్కుంటాం. ఆయనకా వీలు లేదు. కొట్టంలో గంగ అనే బర్రె ఉంది. సాయిలు చెయ్యి తగిలితేనే అది పాలు చేపుతుంది. ఓసారి కొడుకు మురళి పితకడానికి కూర్చుంటే చుక్క రాలకపోగా చెంబు ఎగిరి గోడకు తగిలింది. ఇప్పటికి సాయిలే పళ్లు బిగపట్టి నెట్టుకొస్తున్నాడు. ఆయన వల్ల కాకపోతే గంగను అమ్మేయడమే. ఇంట్లో ఆ మాటెత్తితే సాయిలుకు ముద్ద దిగదు. ముద్ద దిగని సందర్భం ఆయన జీవితంలో అదొక్కటే.

డాక్టరు పదిహేను కిలోలు తగ్గమన్నాడు, నోట్లోకి పోయిందల్లా రాయమన్నాడు. మనవరాలు పూజిత తన రఫ్ నోట్‌బుక్ ఇచ్చింది. సాయిలు నిజాయితీపరుడు. పాలలో నీళ్లు కలిపినా, అడిగితే ఒప్పుకుంటాడు. అలాంటి మనిషి నెలంతా శ్రద్ధగా రాశాడు. పొద్దున రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర. రాత్రి రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర. మునులు కూడా ఇంత పద్ధతిగా తిని ఉండరు! తూకం మిషను మాత్రం తొంభై ఎనిమిది చూపించింది. తప్పు మిషనుది కాక మరెవరిది?

భార్య ఆండాలు నోట్‌బుక్ తిరగేసింది.

"ఏందయ్యా, హోటల్ల చాయ్ రాయలేదు?"

"చాయ్ తాగిన. తినలేదు."

"మరి దాంట్ల ముంచుకున్న బిస్కెట్లు?"

"నిలవడి తిన్నది తిండెట్లయితదే? గది మర్యాద. పాలు పోసినంక వద్దంటే గా హోటల్ భాయ్ ఏమనుకుంటడు?"

పాఠకులారా, ఈ సూత్రం మీ గోడ మీద రాసి పెట్టుకోండి. పీట వేసుకుని, పళ్లెం ముందు పెట్టుకుని తింటేనే తిండి. నిలబడి తిన్నది మర్యాద. పాల కేనుతో సాయిలు తిరిగేది పదకొండు వాడికెలు, అంటే రోజూ పాలు పోయించుకునే ఇళ్లు, కొట్లు. దబీర్‌పురా హోటల్లో మలాయి చాయ్. కిరాణా వైకుంఠం సేటు ఇంట్లో ఆయన భార్య వరమ్మ చేతిలో పెట్టే రెండు లడ్డూలు. మాదన్నపేట మార్కెట్ దగ్గర మిర్చిబజ్జీలు, ఎందుకంటే బండివాడూ పాలు పోయించుకుంటాడు. కేను బరువు తగ్గేకొద్దీ సాయిలు బరువు పెరుగుతుంది. పైగా మోకాలు నొప్పి ముదిరి తిండికి పీట మీద కూర్చోవడం కూడా మానేశాడు. ఇంట్లో రొట్టె సైతం నిలబడే! అందుకని ఆ వారం నోట్‌బుక్‌లో అన్ని పేజీలూ ఖాళీ. వారం రోజులు కటిక ఉపవాసమన్నమాట!

ఇదే సాయిలు బర్రెల మేత దగ్గర మాత్రం వేరే మనిషి. తవుడు పిడికెడు ఎక్కువైతే పసిగడతాడు. గంగకు ఎవరో మిగిలిన అన్నం పెట్టారని గల్లీ అంతా లొల్లి చేశాడు. పూజిత అందుకే నోట్‌బుక్ పక్కన పెట్టి, తాత దగ్గరికొచ్చి కూర్చుంది.

"తాతా, ఒక బర్రె ఉన్నది. పొద్దుగాల పదకొండిండ్లల్ల మేస్తది. ఇంటికొచ్చి మళ్ల తింటది. మోకాళ్లు వంగుతలేవు. ఏం జెయ్యాలె?"

"పదకొండిండ్లల్లనా? గట్లయితే సస్తది బిడ్డా. గల్లీలల్ల తిప్పుడు బంద్ జెయ్యాలె. కట్టేసి, ఇంట్ల పెట్టిందే మేత. ఎవలదది?"

ఆండాలు అప్పటికే కొంగు దోపుకుని కేను చేతిలోకి తీసుకుంది.

"నువ్వు జెప్పింది ఇన్నం కద. రేపటి సంది పాలకు నేను పోత," అంది.

సాయిలుకు అప్పుడు వెలిగింది. సిగ్గూ వేసింది.

ఆరునెలలు కట్టేశారు. పదిహేను కిలోలు దిగాడు. నొప్పి లేకుండా గొంతుక్కూర్చున్న మొదటిరోజు గంగ తల తిప్పి చూసి, ఎప్పటిలాగే చేపింది. సాయిలు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. సంతోషం పట్టలేకపోయాడు మరి.

నోట్‌బుక్ ఏమైందంటారా? మిగిలిన పేజీలు ఆండాలు వాడుకుంటోంది. పదకొండిళ్ల వాళ్లూ మంచివాళ్లే. గడపలోకొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపరు. "ఒక్కటి తింటే ఏమైతది?" అని అడుగుతారు. ఏమైందో చూడ్డానికి ఏ ఒక్కరూ ఇంటిదాకా రారు.

ఆండాలు పేజీల్లోనూ రెండు జొన్నరొట్టెలు, ఆకుకూరే ఉన్నాయి. ఈ వారం మాత్రం ఖాళీ. ఎందుకో ఈమధ్య ఆమెకు పీట మీద కూర్చుంటే మోకాలు పట్టేస్తోందట.