కరెంటొస్తే మోగే గంట

వేళకు మోగే గంటంత పనికిమాలిన వస్తువు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు!

కోపం తెచ్చుకోకండి, నిదానంగా ఆలోచించండి. పదింటికి మోగింది, మళ్లీ నాలుగింటికి మోగింది. దాంతో మనకు కొత్తగా తెలిసిందేమిటి? ఆ మాత్రం పొద్దును చూస్తే తెలియదా? గంట అన్నాక మనకు తెలియనిది చెప్పాలి. దానికి బుద్ధి పుట్టినప్పుడే మోగాలి. అట్లాంటి ఉత్తమమైన గంట పెద్దపంజాణికి ఆవల ఒక పల్లె బడిలో, ఎనభై మూడో సంవత్సరంలో, ఏడు నెలల పాటు మోగింది. దాని విలువ తెలిసిన మనిషి దేవరాజులు. బడి వెనక రెండెకరాల చేను, ఒక బోరు, పది మాటలకు ఒక మాట బదులిచ్చే నోరు. ఆయన ఆస్తి అంతే.

అంతకు ముందు ఆ బడి గంట ఒక రైలు పట్టా ముక్క. ఎప్పుడో కుప్పం నుంచి బండిలో వేసుకొచ్చింది. బడి నౌకరు కొండప్ప ఇనుప కడ్డీతో కొడితే మూడు పల్లెలకు వినిపించేది. నాగరికత ఇంత ముదిరినాక ఇంకా పట్టా ముక్కేనా? కమిటీ వాళ్లు కూడబలుక్కుని ఎలక్ట్రిక్ బెల్లు తెప్పించారు. ప్రారంభోత్సవానికి ఒక పెద్దాయన జీపులో దిగాడు, దండ వేయించుకున్నాడు, బొటనవేలితో బటన్ నొక్కాడు.

మోగలేదు. కరెంటు లేదు.

పెద్దాయన పళ్లు బిగించి ఇంకా గట్టిగా నొక్కాడు. జనం చప్పట్లు కొట్టారు. జీపు వెళ్లిపోయింది. లోపలికి దిగిన బటన్ మాత్రం మళ్లీ పైకి రాలేదు. కొండప్ప గోటితో లాగబోతే హెడ్మాస్టరు లక్ష్మీపతి వద్దన్నాడు. అంతటి మనిషి నొక్కిన బటన్! ఊడి చేతికొస్తే ఎవరు జవాబు చెప్పేది?

మూడు దాటాక కరెంటొచ్చింది. బెల్లు గుక్క తిప్పుకోకుండా అరవడం మొదలుపెట్టింది. ఆపకుండా మోగితే లాంగ్ బెల్లు, లాంగ్ బెల్లంటే ఇంటి బెల్లు. పిల్లలు సంచులు తగిలించుకుని ఇళ్లకు పరుగు. అదే నిమిషంలో దేవరాజులు మోటరు దగ్గరికి పరుగు.

ఆ రోజుతో ఊరికి జ్ఞానోదయమైంది. అంతకు ముందు రైతన్నవాడు మోటరు రూములో బల్బుకేసి చూస్తూ, గుడ్ల మీద కోడిపెట్టలాగా కూర్చునేవాడు. ఇప్పుడు గడ్డి కోసుకోవచ్చు, పెండ్లికి పోవచ్చు, కునుకు తీయొచ్చు. కరెంటొస్తే బెల్లే పిలుస్తుంది! ఊరంతా విన్నాక కొండప్ప స్విచ్చి ఆపుతాడు. కరెంటు పోయి గదిలో బల్బు ఆరగానే స్విచ్చి మళ్లీ వేసి పెడతాడు.

దేవరాజులు భార్య మునిలక్ష్మమ్మకు ఒక్కతికే మనసులో కష్టం. "నేను పదిసార్లు పిలిస్తే పలకవు, గంట పిలిస్తే పంచె ఎగ్గట్టి ఉరుకుతావు. రేపట్నించి నేనూ మెడలో ఒకటి కట్టుకుంటా సూడు" అంది. దేవరాజులు ఆలోచించి, మంచిదే అన్నాడు.

ఇక చదువు సంగతి. కరెంటొస్తే బడి వదలాలి, బాగుంది. రాకపోతే? వదలడానికి లేదు! పొద్దు గూకేదాకా ఎక్కాలే ఎక్కాలు. ఏ నెల చూసినా కరెంటు రాని రోజులే ఎక్కువ కాబట్టి, ఆ ఏడు ఏడో తరగతి పరీక్షలో ఒక్క పిల్లవాడూ తప్పలేదు. కరెంటు కోతను తిట్టే జనానికి ఈ సంగతులు తెలుసా?

అంత గొప్ప గంటకు దిష్టి తగిలింది. ఒకరోజు మదనపల్లె బస్సులో ఇన్‌స్పెక్టరు దిగాడు. పదకొండింటికి తరగతిలోకి పోయి, చాక్‌పీసు చేతికి తీసుకున్నాడో లేదో, కరెంటొచ్చింది. పిల్లలు ఆయన చంకల కింద నుంచి దూరి ఇళ్లకు పోయారు. నల్లబల్లా ఆయనా మిగిలారు. మూడు రోజుల్లో బెల్లు బాగు చేయించాలని కాగితం రాసి పెట్టి పోయాడు.

పుంగనూరు నుంచి సిరాజుద్దీన్ వచ్చాడు. ఎనుముల మెడ గంటలు మొదలుకొని ఎలక్ట్రిక్ బెల్లుల దాకా మోగేవన్నీ బాగుచేసే మనిషి. దేవరాజులు చేలోనుంచి వచ్చి, నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. వేరుశనగ కాయ ఊరే అదను. వాన మొహం చూసి ఇరవై రోజులు. ఈ నెలలో నాలుగు తడులు పడితే పంట, లేకపోతే మేత.

"అన్నా, గంట బాగానే ఉండాది. బాగుచేసి చెడగొట్టొద్దు" అన్నాడు.

"ఏం చేసేదప్పా, బాగుచేయమనే రాసిచ్చినారు" అంటూ సిరాజుద్దీన్ బటన్‌ను మీటి పైకి లేపాడు. బెల్లు గిన్నె విప్పి, వేలికి తగిలించుకుని స్క్రూడ్రైవరుతో తట్టాడు. గణగణమంది. లోపల గుడ్డ కుక్కి మళ్లీ తట్టాడు. టప్ మంది.

"సూడు, ఏ గంటైనా ఇంతే. లోపల ఖాళీగా, బొర్రగా ఉండాల, నాలుక తగిలి వణకాల. కడుపు నిండితే యాడ మోగుతాది?"

దేవరాజులు తల ఊపాడు. ఆయన లెక్కలో అది పెద్ద ఉపన్యాసం.

బెల్లు బాగైంది. ఇప్పుడది బుద్ధిమంతురాలు, నొక్కితేనే మోగుతుంది. నొక్కే వేళకు కరెంటుంటే! పదింటికి లేదు, నాలుగింటికి లేదు. కొండప్ప బటన్ మీద వేలు పెట్టుకుని జపం చేశాడు. కరెంటు మాత్రం మధ్యలో ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చి, చెప్పకుండానే పోయేది. ఆ నెలలో మూడుసార్లు దేవరాజులు దూరపు గట్టున గడ్డి కోస్తూ ఉండిపోయాడు. మూడుసార్లూ ఎవరో కేకేస్తే ఉరికొచ్చేసరికి బల్బు ఆరిపోయింది. నాలుగు తడులు కావలసిన చేనికి పడింది ఒక్కటి.

నెల తిరిగినాక చేలో ఒక వేరుశనగ చెట్టు పీకి చూశాడు. నాలుగు కాయలు తెంపి తువాలులో ముడేసుకుని, బస్సెక్కి కరెంటు ఇచ్చే ఆఫీసుకు పోయాడు. ఏ ఊరి ఆఫీసో మనకెందుకు? అక్కడ ఆఫీసరు టేబులు మీద నున్నటి ఇత్తడి గంట ఉంది. ఆయన దాన్ని తట్టాడు. ఎవరూ రాలేదు. మళ్లీ తట్టాడు. గుమ్మం బయట బంట్రోతు కాలు మీద కాలు మార్చి వేసుకున్నాడు.

దేవరాజులు అడిగింది ఒక్కటే. రోజుకు రెండు గంటలైనా సరే, ఫలానా వేళకని చెప్పి ఇయ్యమన్నాడు.

ఆఫీసరు రిజిస్టరు తిరగేశాడు. "మీ ఊరికి రోజూ కరెంటు వస్తూనే ఉందే!"

దేవరాజులు ముడి విప్పి, ఇత్తడి గంట పక్కన నాలుగు కాయలు పెట్టాడు. ఒకటి తీసి ఆఫీసరు చెవి దగ్గర ఊపాడు. బొర్ర కాయలో ముడుచుకుపోయిన గింజ అటూ ఇటూ తగిలి గలగలమంది.

"ఏమయ్యా ఇది?"

"గంట సార్" అన్నాడు దేవరాజులు. "కరెంటు లేకుంటేనే మోగేది."